ఏఐ, ఉద్యోగాలు, యాప్‌లు: మా ఆదివారం క్లాసులో పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో. పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశా, ఇప్పుడు ఇంటి నుంచే చిన్న ప్రాజెక్టులు చేసుకుంటూ ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలకి ఫ్రీగా క్లాస్ చెప్తున్నా. పిల్లలు అంటే పద్దెనిమిది నుంచి ఇరవై ఆరేళ్ల వాళ్ళు. హాస్టల్లో ఉండి అమీర్‌పేట్‌లో కోర్సులు చేసేవాళ్ళు, డిగ్రీ వాళ్ళు, బీటెక్ అయిపోయి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నవాళ్ళు, సాయంత్రం బండి మీద డెలివరీలు చేసేవాళ్ళు, అందరూ వస్తారు. ఏ టాపిక్‌తో మొదలుపెట్టినా చివరికి మాట ఏఐ మీదకే పోతుంది. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, కొత్తవాళ్ళకి ప్రతిసారీ మొదట్నుంచి చెప్పాలంటే టైమ్ సరిపోవట్లేదు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

అసలు ఈ తరం పిల్లలకి ఏఐ అంటే ఇష్టమా, భయమా?

ఈ ప్రశ్న ఎక్కువగా తల్లిదండ్రులే అడుగుతారు. రెండూ ఉన్నాయి, అదీ ఒకే మనిషిలో. మా క్లాసుకి వచ్చే ఒక అబ్బాయి పొద్దునంతా చాట్‌జీపీటీతో పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకుంటాడు, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఏ ఆర్డర్ రావాలి, ఎంత రావాలి, ఎన్ని నిమిషాల్లో చేరాలి, అన్నీ యాప్ చెప్తుంది. వాడు ఒకరోజు అన్న మాట నాకు అట్లనే గుర్తుండిపోయింది, "పొద్దున నేను దానికి పని చెప్తా అక్కా, సాయంత్రం అది నాకు పని చెప్తది" అన్నాడు.

నాకు అర్థమైనంతవరకు మొత్తం విషయం ఇదే. చేతిలో ఉన్న ఏఐ వేరు, నెత్తి మీద కూర్చున్న ఏఐ వేరు. చేతిలో ఉన్నదాన్ని పిల్లలు ఇష్టపడతారు, నెత్తి మీద ఉన్నదంటే వాళ్ళకి కోపం, ఎందుకంటే అది ఎందుకు అట్ల చేసిందో అడగడానికి మనిషి దొరకడు. టీవీ డిబేట్లలో ఈ రెండింటినీ కలిపేసి "యువత ఏఐని స్వాగతిస్తోంది" అనో "యువతలో ఆందోళన" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కింద రాసిన జవాబులు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఏఐ అంటే చాట్‌జీపీటీయే కదా?

కాదు. చాట్‌జీపీటీ జనాల్లోకి వచ్చింది 2022 నవంబర్ 30న. అంతకు చాలా ముందునుంచే మన ఫోన్లో ఏఐ ఉంది. ఏ రీల్ తర్వాత ఏ రీల్ చూపించాలి, వాన పడుతుంటే మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి క్యాబ్ రేటు ఎంత పెంచాలి, ఈ లోన్ యాప్ నీకు అప్పు ఇవ్వాలా వద్దా, ఇవన్నీ పాత డేటా చూసి కంప్యూటర్ వేసే అదే రకం లెక్కలు. మాట్లాడేది కాబట్టి చాట్‌జీపీటీ కనిపిస్తుంది, మిగతావి మాట్లాడవు కాబట్టి కనపడవు, అంతే తేడా. నా ఉద్దేశంలో మాట్లాడని వాటి గురించే మనం ఎక్కువ తెలుసుకోవాలి.

ఫ్రెషర్ జాబ్స్ నిజంగా పోతాయా? నిజం చెప్పండి అక్కా.

నిజమే చెప్తా, కానీ కొంచెం పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్కలు. వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 రిపోర్టులో 2030 నాటికి ప్రపంచం మొత్తం మీద 9.2 కోట్ల ఉద్యోగాలు పోతాయని, 17 కోట్లు కొత్తగా వస్తాయని అంచనా వేశారు. అంటే 7.8 కోట్లు ఎక్కువే వస్తాయన్నమాట. ఈ ముక్క చాలామంది ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బోర్డు మీద రాసి చూపిస్తారు. కానీ పోయే ఉద్యోగం ఒకరిది, వచ్చే ఉద్యోగం ఇంకొకరిది, మధ్యలో ఎవరున్నారో ఆ రిపోర్టు చెప్పదు. పైగా అందులో ఏఐ ఒక్కటే కాదు, అన్ని రకాల మార్పులు కలిపి వేసిన లెక్క అది.

రెండోది, నన్ను ఎక్కువ కలవరపెట్టింది, 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అమెరికా జీతాల డేటా తీసి చూసిన స్టడీ. సాఫ్ట్‌వేర్, కస్టమర్ సపోర్ట్ లాంటి ఏఐ బాగా చొచ్చుకొచ్చిన పనుల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ళ ఉద్యోగాలు మిగతావాళ్ళతో పోలిస్తే 13% తగ్గాయి. అదే పనుల్లో వయసు ఎక్కువ ఉన్నవాళ్ళకి పెద్దగా ఏం కాలేదు. అంటే దెబ్బ మొదట తగిలేది గుమ్మం దగ్గర నిల్చున్నవాళ్ళకి. అది అమెరికా సంగతి, మన దగ్గర అచ్చంగా అట్లనే అవుతుందని నేను చెప్పను, కానీ హైటెక్ సిటీ సగం అమెరికా పని మీదే నడుస్తుంది కదా. మన దగ్గర 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తీసేస్తున్నామని చెప్పినప్పుడు అది మాత్రం మధ్య, పై లెవెల్ వాళ్ళ మీద ఎక్కువ పడింది, కంపెనీ కూడా దానికి ఏఐ కారణం కాదు, స్కిల్స్ కుదరకపోవడం కారణం అని చెప్పింది. కాబట్టి ఏ ఒక్క వార్త చూసీ కథ మొత్తం ఇదే అనుకోకండి.

ఇప్పుడు నా అనుభవం. నేను జాబ్‌లో చేరిన మొదటి ఎనిమిది నెలలు నేను చేసింది చాలా మామూలు పని, ఒక స్క్రీన్ తెరిచి అన్ని బటన్లూ నొక్కి ఏది పని చెయ్యట్లేదో ఎక్సెల్‌లో రాయడం. ఆ పని ఇప్పుడు ఏఐ చేసేస్తుంది, నిజంగానే బాగా చేస్తుంది. కానీ ఆ ఎనిమిది నెలల్లో నా పక్కన ఒక సీనియర్ కూర్చునేవాడు, నేను రాసిన ప్రతి బగ్ చూసి "ఇది బగ్ కాదమ్మా, కస్టమర్ అట్లనే అడిగిండు" అని చెప్పేవాడు, క్లయింట్ కాల్‌లో ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మ్యూట్‌లో ఉండాలో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఆ చిన్న పని పేరు చెప్పి కంపెనీ నాకు జీతం ఇస్తూ పని నేర్పించింది. ఆ చిన్న పని మాయమైతే నేర్చుకునే చోటు కూడా దాంతోపాటు మాయమవుతుంది. పిల్లలు "జాబ్ పోతదా" అని అడిగినప్పుడు వాళ్ళ అసలు బాధ నాకు ఇక్కడే వినిపిస్తుంది. జీతం ఒక్కటే కాదు, ఎవరి పక్కన కూర్చుని నేర్చుకోవాలి మరి అని.

దీనికి నా దగ్గర మంత్రం లేదు. మా క్లాసులో మేం చేసేది ఒక్కటే, నిజమైన పని దొరికించుకోవడం. మా గల్లీలో ఒక మెడికల్ షాపు ఆయన స్టాక్ లెక్కలు పుస్తకంలో రాసేవాడు, ముగ్గురు పిల్లలు కలిసి ఆయనకి చిన్న యాప్ చేసిచ్చారు, కోడ్ చాలావరకు ఏఐయే రాసింది. ఎక్స్‌పైరీ డేట్ దగ్గరపడ్డ మందులు ఎర్రగా చూపించాలని ఆయన అడిగాడు, సగం స్ట్రిప్ అమ్మితే లెక్క ఎట్లా అని అడిగాడు, ఆ ప్రశ్నలు ఏఐ అడగలేదు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయికి ఇంటర్వ్యూలో దీని గురించే ఇరవై నిమిషాలు అడిగారు, జాబ్ వచ్చింది.

అమీర్‌పేట్‌లో 45 రోజుల జెన్ ఏఐ (మాటలు, బొమ్మలు, కోడ్ తయారుచేసే ఏఐ) కోర్సు, జాబ్ గ్యారంటీ అంటున్నారు. చేరొచ్చా?

జాబ్ గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి.

అమీర్‌పేట్ అంటే నాకు కోపం లేదు, నేను కూడా అక్కడే నేర్చుకున్నా. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఒకే గదిలో వందమంది కూర్చుని, డిగ్రీ ఏదైనా సరే, జావా నేర్చుకుని బతికిపోయిన వాళ్ళు వేలమంది ఉన్నారు. పెద్ద కాలేజీ ఫీజులు కట్టలేని ఇళ్ల పిల్లలకి అది ఒక దారి చూపించింది. బోర్డులు మాత్రం మారుతూ ఉంటాయి, జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ, ఏజెంటిక్ ఏఐ (పనులు తనంతట తానే చేసే ఏఐ). కొన్నిచోట్ల బోర్డు మారింది కానీ లోపల సార్ మారలేదు, సిలబస్ కూడా పెద్దగా మారలేదు. చేరేముందు రెండు డెమో క్లాసులు కూర్చోండి, పోయిన బ్యాచ్‌లో చేరిన ఇద్దరితో మీరే సొంతంగా మాట్లాడండి, ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. స్టాటిస్టిక్స్, పైథాన్, ఎస్‌క్యూఎల్ రాకుండా నేరుగా ఏఐ నేర్పిస్తామంటే మాత్రం అనుమానపడండి, పునాది లేకుండా పెంట్‌హౌస్ కట్టిస్తామన్నట్టే.

ఇంకోటి, బ్యాక్‌డోర్ జాబ్. లక్ష, రెండు లక్షలు కట్టించుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి లోపలికి పంపిస్తాం అనేవాళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నారు. ఊర్లో పొలం కుదువపెట్టి ఇట్ల కట్టిన ఒక పిల్లాడు నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఆఫర్ లెటర్ వచ్చింది, ఆఫీసుకి వెళ్తే అసలు ఆ పేరుతో రిక్రూట్‌మెంటే లేదు. దయచేసి వద్దు.

అసైన్‌మెంట్ ఏఐతో చేస్తే తప్పా?

నేను క్లాసులో చేతులెత్తమంటే మొదట ఎవరూ ఎత్తరు, "నేను కూడా వాడతా" అని నేను చెప్పాక అందరూ ఎత్తుతారు. అంటే అందరూ వాడుతున్నారు, అందరూ దాస్తున్నారు. కాలేజీలో లెక్చరర్ తిడతారని, ఆఫీసులో "అయితే నువ్వెందుకు" అంటారని. ఈ దాచిపెట్టడం వల్ల జరిగే నష్టం ఏంటంటే ఎట్లా వాడాలో ఎవరూ ఎవరికీ నేర్పరు.

నాకు తెలిసిన రెండు స్టడీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో కస్టమర్ సపోర్ట్ చేసే ఐదు వేలమందికి పైగా ఉద్యోగుల పని చూశారు, వాళ్ళలో కొందరికి ఏఐ అసిస్టెంట్ ఇచ్చారు, అది వాడినవాళ్ళ పని సగటున 14% పెరిగింది, కొత్తగా చేరినవాళ్ళకి అయితే 34% పెరిగింది, బాగా అనుభవం ఉన్నవాళ్ళకి దాదాపు తేడా లేదు. రెండోది 2025లో మీటర్ (METR) అనే సంస్థ చేసింది, 16 మంది ఆరితేరిన డెవలపర్లకి వాళ్ళకి బాగా తెలిసిన కోడ్ మీదే పని ఇచ్చారు, ఏఐ వాడినప్పుడు వాళ్ళకి 19% ఎక్కువ టైమ్ పట్టింది, కానీ వాళ్ళు మాత్రం మేం 20% ఫాస్ట్‌గా చేశాం అనుకున్నారు! ఈ రెండో ముక్క పిల్లలకి చెప్పినప్పుడు క్లాసంతా ఒక్క నిమిషం సైలెంట్ అయిపోయింది. త్వరగా అయిపోతున్నట్టు అనిపించడం, నిజంగా త్వరగా అవడం ఒకటి కాదు.

కాబట్టి నా పద్ధతి ఇది. ముందు ఇరవై నిమిషాలు పేపర్ మీద సొంతంగా గింజుకోండి, తప్పైనా సరే. తర్వాత ఏఐని అడగండి. అది ఇచ్చింది కాపీ కొట్టేముందు ప్రతి లైనూ పక్కవాడికి తెలుగులో చెప్పగలరా చూసుకోండి. చెప్పలేకపోతే అది మీ అసైన్‌మెంట్ కాదు.

ఏఐ చెప్పింది ఎంతవరకు నమ్మొచ్చు?

తేదీలు, చట్టాలు, ఫీజులు, మందుల డోసులు, ఇవి మాత్రం అస్సలు నమ్మకండి, ఒరిజినల్ చూసుకోండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల్ని కోర్టులో పెట్టారు, తీరా చూస్తే అవి అసలు లేని కేసులు, 5 వేల డాలర్లు ఫైన్ పడింది. మా క్లాసులో ఒకమ్మాయి స్కాలర్‌షిప్ లాస్ట్ డేట్ ఏఐని అడిగి అది చెప్పిన తేదీ దాకా ఆగింది, అసలు డేట్ అప్పటికే దాటిపోయింది. అది అబద్ధం చెప్పాలని చెప్పదు, తర్వాత ఏ మాట రావొచ్చో లెక్కేసి రాస్తుంది, తెలియనిది కూడా తెలిసినట్టే అదే ధీమాతో రాస్తుంది. మనం ఆ ధీమా చూసి పడిపోతాం.

తెలుగులో అడిగితే ఎందుకంత వింతగా మాట్లాడుతుంది?

దానికి దొరికిన తెలుగు తక్కువ, అందులో కూడా వార్తలు, అనువాదాలే ఎక్కువ. ఇంకో టెక్నికల్ కారణం, కంప్యూటర్ లోపల ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్‌లో (బైట్ అంటే మెమరీకి చిన్న కొలత) సరిపోతే ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడుతుంది. అందుకే మోడల్ (ఏఐని నడిపే ప్రోగ్రామ్) మన మాటని ఎక్కువ ముక్కలుగా విరగ్గొట్టుకుంటుంది, అదే విషయానికి ఖర్చు కూడా ఎక్కువ అవుతుంది. ఇప్పుడు మునుపటికన్నా చాలా మెరుగైంది, అది ఒప్పుకోవాలి. కానీ "గిదేంది, ఇట్లెందుకైతంది" అని మన నల్గొండ పిల్లాడు అడిగితే అది పుస్తకం భాషలో జవాబిస్తుంది, వాడికి మళ్ళీ స్కూల్లో సార్ ముందు నిల్చున్నట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఎన్నో ఏళ్లుగా మన భాషల మీద పనిచేస్తున్నారు, కేంద్రం మన భాషల కోసం భాషిణి అనే ప్రాజెక్టు పెట్టింది, స్వేచ్ఛ సంస్థ వాళ్ళు కాలేజీ పిల్లలతో కలిసి తెలుగు కథలు పోగుచేసి తెలుగు మోడల్ తయారుచేశారు. ఈ పనిలో డిగ్రీ కన్నా భాష ముఖ్యం. అమ్మమ్మ దగ్గర నాలుగు సామెతలు, రెండు పొడుపు కథలు రికార్డు చేసి టైప్ చేసే పిల్లలకి ఇక్కడ చోటుంది. ఏఐని వాడేవాళ్ళుగానే కాకుండా తయారుచేసేవాళ్ళుగా పిల్లలు తమని తాము చూసుకోవడం మొదలుపెట్టేది ఇట్లాంటి చోటే, ఆ మార్పు నేను కళ్ళారా చూశా.

నేను డెలివరీ చేస్తా. నాకూ ఏఐకీ ఏం సంబంధం?

అందరికన్నా ఎక్కువ సంబంధం నీకే తమ్ముడూ. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఏఐ రేపు వచ్చే బాస్ అయితే నీకు ఇప్పటికే వచ్చేసిన బాస్. ఆర్డర్ నీకివ్వాలా పక్కవాడికివ్వాలా, ఇన్సెంటివ్‌కి ఇంకా ఎన్ని ట్రిప్పులు కావాలి, ఐడీ బ్లాక్ చెయ్యాలా, అన్నీ అదే చూస్తుంది. మా క్లాసులో ఒకతని ఐడీ రాత్రికి రాత్రి బ్లాక్ అయింది. కారణం అడిగితే చాట్‌బాట్ వచ్చి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది, అంతే. పదకొండు రోజులు తిండికి అప్పు చేశాడు. కస్టమర్ తప్పు అడ్రస్ పెట్టాడని చెప్పుకోవడానికి కూడా మనిషి దొరకలేదు.

నీతి ఆయోగ్ 2022 రిపోర్టు ప్రకారం 2020-21లోనే దేశంలో 77 లక్షలమంది ఇట్లాంటి పనుల్లో ఉన్నారు, 2029-30కి 2.35 కోట్లు అవుతారని అంచనా. ఇంతమందికి చట్టం ఏం ఇస్తుందంటే:

సామాజిక భద్రతా కోడ్ 2020లో పాసైనా అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. అందులో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ (నీలాగా యాప్‌ల మీద పనికింత చొప్పున చేసేవాళ్ళు) అనే పేర్లు మొదటిసారి చట్టంలోకి ఎక్కాయి, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వర్కర్ల భద్రత కోసం కట్టాలని ఉంది. కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకో, ఇది వాయిదా వెయ్యకు. రాజస్థాన్ 2023లోనే ప్రత్యేక చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టంలో ఒకరిని తీసెయ్యాలంటే 14 రోజుల ముందు కారణంతో నోటీసు ఇవ్వాలని ఉంది, ఇది నాకు చాలా నచ్చిన లైన్. మన తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ బిల్లు పెట్టి జనాల అభిప్రాయాలు అడిగారు. 2025 డిసెంబర్ 31న దేశవ్యాప్తంగా డెలివరీ వర్కర్లు సమ్మె చేసినప్పుడు మన గిగ్ వర్కర్స్ యూనియన్ కూడా ముందు నిలబడింది, పది నిమిషాల డెలివరీ ఆపాలన్నది వాళ్ళ పెద్ద డిమాండ్లలో ఒకటి.

ఎవరైనా "అంత కష్టమైతే మానెయ్యొచ్చుగా" అంటే నాకు మండుతుంది. హాస్టల్ ఫీజు ఆ బండి మీదనుంచే వస్తుంది. వాళ్ళు ఏఐ వద్దనట్లేదు, కారణం చెప్పమంటున్నారు, ఒక మనిషిని ఇమ్మంటున్నారు.

ఇంటర్వ్యూ కూడా ఏఐయే చేస్తుందంట కదా?

కొన్ని కంపెనీల్లో మొదటి రౌండ్ అంతే, కెమెరా ముందు కూర్చుని స్క్రీన్‌తో మాట్లాడాలి. రెజ్యూమె అయితే చాలాచోట్ల మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేరే చూస్తుంది. డిజైన్లు, టేబుళ్లు పెట్టకుండా సాదాగా రాయండి, జాబ్ నోటిఫికేషన్‌లో ఏ పదం ఉందో మీకు నిజంగా వస్తే అదే పదం వాడండి. హాస్టల్ గదిలో నలుగురుంటే ఇంటర్వ్యూ ఎట్ల ఇవ్వాలి అని ఒకమ్మాయి అడిగింది, వెనక ఎవరైనా నడిస్తే కాపీ అనుకుని తీసేస్తుందేమోనని ఆమె భయం. ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి చెప్పండి, మెయిల్ ఉంటే తర్వాత అడగడానికి ఆధారం ఉంటుంది.

ఇన్ని ఏఐలు ఫ్రీగా ఎందుకిస్తున్నారు?

మంచి ప్రశ్న, దీన్ని ఎక్కువమంది అడగరు. 2025లో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ అంది, జియో గూగుల్ జెమినీ ప్రో 18 నెలలు ఫ్రీ అంది, అదీ మొదట 18 నుంచి 25 ఏళ్ల వాళ్ళకే, నెలకి 399 రూపాయలు పెట్టిన చాట్‌జీపీటీ గోని నవంబర్ 4 నుంచి ఏడాదిపాటు ఫ్రీ చేశారు. మొదట ఆ వయసు వాళ్ళకే ఎందుకిచ్చారో ఆలోచించండి. 2016లో జియో డేటా ఫ్రీ ఇచ్చినప్పుడు ఏమైందో మనకి తెలుసు కదా, అలవాటైంది, తర్వాత రీచార్జి తప్పనిసరి ఖర్చు అయింది. పైగా మనం అడిగే ప్రశ్నలు, మనం దిద్దే తప్పులు, మన భాష, అన్నీ వాళ్ళకి పనికొచ్చేవే.

వాడుకోండి, నేనూ వాడుతున్నా. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీ చాట్‌లు ఏఐ ట్రైనింగ్‌కి వాడుకునే ఆప్షన్ ఉంటే ఆపెయ్యండి, ఆధార్ ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆఫీసు కోడ్ పెట్టకండి, ఆటో రెన్యువల్ డేట్ క్యాలెండర్‌లో రాసుకోండి. మన డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, కానీ కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకి. అప్పటిదాకా మన జాగ్రత్తే.

నా ఫోటోతో ఎవరైనా తప్పుడు వీడియో చేస్తే?

అమ్మాయిలు ఈ ప్రశ్న క్లాసులో అడగరు, అయిపోయాక మెట్ల దగ్గర ఆగి అడుగుతారు. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో బయటకొచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకున్నారు, మామూలు అమ్మాయికి జరిగితే ఇంట్లో కూడా మాట్లాడరు. ముందుగా, తప్పు నీది కాదు. స్క్రీన్‌షాట్లు, లింకులు దాచిపెట్టుకో, డిలీట్ చెయ్యకు. 1930కి ఫోన్ చెయ్యి లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టు, అక్కడ మహిళల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది. అనుమతి లేకుండా పెట్టే ప్రైవేటు ఫోటోలు ఆపించే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది, నీ ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, నీ ఫోన్లోనే దానికో గుర్తు తయారుచేసి, అందులో చేరిన సోషల్ మీడియా కంపెనీలు దాన్ని ఆపేలా చేస్తుంది. అన్నదమ్ములకి ఒక మాట, చెల్లెలి ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదు, ఫోన్ పోతే సాక్ష్యం కూడా పోతుంది.

గవర్నమెంట్ ఏఐ వాడితే మంచిదే కదా, లంచాలు తగ్గుతాయి?

తగ్గొచ్చు. కానీ మన దగ్గరే ఒక పాఠం ఉంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే సిస్టమ్ రకరకాల డిపార్ట్‌మెంట్ల డేటా కలిపి ఎవరు అర్హులో చూస్తుంది. కంప్యూటర్ జల్లెడ పట్టిన రేషన్ కార్డుల్లో నిజమైన పేదవాళ్ళవి కూడా ఎగిరిపోయాయి. పేరు కలిసిన ఇంకొకరి కారు వీళ్ళ ఖాతాలో పడితే చాలు, కార్డు పోతుంది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రద్దైన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్ళీ ఇంటికెళ్ళి చూసి రమ్మని 2022లో కోర్టు చెప్పింది. కంప్యూటర్ చెప్పింది కాబట్టి కరెక్టే అనుకున్న ప్రతి ఆఫీసరూ ఒక ఇంట్లో బియ్యం ఆపేశాడు. డేటా సైన్స్ నేర్చుకునే పిల్లలకి నేను ఈ కేసు తప్పకుండా చెప్తా. 95 శాతం యాక్యురసీ అని సంబరపడే ముందు మిగిలిన ఐదు శాతం ఎవరి వంటింట్లో ఉందో చూడాలి.

మా అబ్బాయికి ఏఐ బ్రాంచ్ ఇప్పించాలా, మామూలు సీఎస్‌ఈ చాలా?

దేశంలో మొదట ఏఐలో బీటెక్ పెట్టింది మన సంగారెడ్డి కందిలోని ఐఐటీ హైదరాబాదే, 2019లో. తర్వాత ప్రతి కాలేజీ సీఎస్‌ఈ పక్కన ఏఐ అని తగిలించింది. బ్రాంచ్ పేరు కన్నా చెప్పేవాళ్ళు ఉన్నారా లేదా చూడండి. ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీకి ఒకసారి మామూలు పని రోజున వెళ్ళి ల్యాబ్ తలుపు తీసి ఉందో లేదో చూడండి, థర్డ్ ఇయర్ పిల్లల్ని ఏఐ సబ్జెక్టు ఎవరు చెప్తారని అడగండి. అబ్బాయికి లెక్కలంటే ఇష్టం లేకపోతే ఈ బ్రాంచ్ వాడికి శిక్ష అవుతుంది.

మా తమ్ముడు రాత్రంతా ఏఐతోనే మాట్లాడుతున్నాడు. ఏం చెయ్యాలి?

తిట్టొద్దు. హాస్టల్లో ఒక్కడే, ఆరు నెలలుగా జాబ్ లేదు, ఇంటికి ఫోన్ చేస్తే "ఏమైంది రా" అన్న ప్రశ్న, ఏఐ మాత్రం రాత్రి రెండు గంటలకి లేపినా విసుక్కోకుండా వింటుంది. వాడు అక్కడికి ఎందుకు పోయాడో అర్థం చేసుకోండి. కానీ అది ఎప్పుడూ "నువ్వు చెప్పింది కరెక్టే" అన్నట్టే మాట్లాడుతుంది, మనసు బాగాలేనప్పుడు అది ప్రమాదం. మానసిక ఆరోగ్యానికి కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా. జాబ్ సంగతి ఎత్తకుండా వాడిని ఒక సాయంత్రం టీకి తీసుకెళ్ళండి.

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. మీ క్లాసుకి రావొచ్చా?

రా. సగం మంది అట్లనే వస్తారు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరిస్తే పైథాన్ నడుస్తుంది, కళ్ళు నొప్పి పుడతాయి కానీ నడుస్తుంది. నోట్‌బుక్, పెన్ను తప్పకుండా తెచ్చుకో, మొదటి గంట ఫోన్లు పక్కన పెట్టిస్తా. డెలివరీ చేసేవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం పీక్ టైమ్ కాబట్టి క్లాస్ పదకొండున్నరకే ఆపేస్తాం, బండి సెల్లార్ ర్యాంప్ పక్కన పెట్టుకో, వాచ్‌మెన్ యాదయ్యకి ఆదివారం క్లాస్ అని చెప్తే చాలు.